ఆ డబ్బా చప్పుడు గురించి

అమ్మాయ్,

నువ్వు పంపిన పీడీఎఫ్ అందింది. ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాదు. కందుకూరు బజార్లో జిరాక్స్ షాపు కుర్రాడి చేత ప్రింట్ తీయించుకున్నాను, 43 పేజీలు వచ్చింది. "ఏంది సార్, మళ్ళీ పుస్తకం రాస్తుండారా?" అన్నాడు. కాదబ్బాయ్, నెల్లూరులో చదువుకునే పిల్ల తను చూసిన సినిమాల గురించి రాసింది అంటే, "సినిమాలు చూసినా మార్కులేస్తారా సార్ ఇప్పుడు" అంటూ చిల్లర చేతిలో పెట్టాడు.

రెండు రోజులు చదివాను. మొదటి రోజంతా కోపమే. రెండో రోజు 31వ పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అది లేకపోతే నీకు ఒక దండం బొమ్మ పెట్టి, శుభాకాంక్షలు చెప్పి ఊరుకునేవాణ్ణి.

ముందు కోపం సంగతి. నీ రాతలో "గూస్‌బంప్స్" అనే మాట 19 సార్లు ఉంది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి మరీ లెక్కపెట్టాను, రిటైరయినవాణ్ణి గదా, తీరికే తీరిక. పాట వస్తే గూస్‌బంప్స్, ఏనుగుపిల్ల తల్లిని వెతుక్కుంటే గూస్‌బంప్స్, ఆఖరికి పేర్లు పడుతుంటే కూడా గూస్‌బంప్స్. ఇన్నిసార్లు వెంట్రుకలు లేచి నిలబడుతుంటే డాక్టరుకి చూపించుకోవాలి తల్లీ. నీకు ఏదో అయిందని నాకు తెలుస్తూనే ఉంది. ఏం చూస్తే అయింది, ఏం వింటే అయింది అన్నది మాత్రం తెలియడం లేదు. పైగా ప్రతిదానికీ చివర చుక్కలు. మూడున్నర, నాలుగున్నర. ఈ చుక్కలు కనిపెట్టినవాడు నాకు దొరికితే వాడికి అర చుక్క కూడా ఇవ్వను.

ఇప్పుడు 31వ పేజీ. గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్, అదే యుద్ధంలో దిక్కులేని అన్నాచెల్లెళ్ళ మీద జపాన్ వాళ్ళు తీసిన యానిమేషన్ సినిమా, దాని గురించి నాలుగు పేజీలు రాశావు. యుద్ధం ఎంత చెడ్డదో రాశావు, మానవత్వం ఏమైపోయిందని అడిగావు, హిరోషిమా అన్నావు. అది అణుబాంబు కథ కాదు. 1945లో కోబె ఊరి మీద విమానాలు కురిపించిన నిప్పు బాంబుల కథ. ఆ మాత్రం చూసుకుని రాయాలి. అవన్నీ అయ్యాక, పేరా చివర, ఏదో సందులోకి తోసినట్టు ఈ మాట పెట్టావు: "ఆ పాప మిఠాయి డబ్బా ఊపినప్పుడల్లా మా నాయనమ్మ వక్కాకు డబ్బా గుర్తొచ్చింది, ఆమె పోయాక దాన్ని ఎవరూ ఊపలేదు."

అది చదివి నేను అద్దాలు తీసి పక్కన పెట్టాను. మిగతా 42 పేజీలు నువ్వు ఈ వాక్యం దగ్గరికి రావడానికి నడిచిన దారి అనుకుంటాను. కానీ వచ్చినట్టు నీకే తెలియలేదు, దాటుకుని వెళ్ళిపోయి నాలుగున్నర చుక్కలు పెట్టేశావు.

ఆ డబ్బా సంగతి చూడు. మొదట్లో దాంట్లో చప్పరించే బిళ్ళలు ఉంటాయి, అప్పుడు దాని మోత ఒక రకం. ఖాళీ అయ్యాక అన్న అందులో నీళ్ళు పోసి, అడుగున అంటుకున్న తీపి కరిగించి చెల్లెలికి తాగిస్తాడు, అప్పుడది మోగే తీరు వేరు. జరిగిన వరసలో చివరికి, సినిమాలో చూపించేది మాత్రం మొట్టమొదటే, స్టేషన్లో ఊడ్చేవాడు దాన్ని చీకట్లోకి విసిరేస్తే మూత ఊడి బూడిద, ఎముక ముక్కలు బయటపడతాయి. ఒక్క రేకు డబ్బా, లోపల సరుకు మారినకొద్దీ మోత మారుతుంది. ఆ పిల్ల బతుకంతా అందులో ఉంది. నువ్వు దాన్ని విన్నావు. మానవత్వం గురించి ఎవరైనా రాస్తారు, పదో క్లాసు వ్యాసాల పుస్తకంలో కూడా ఉంటుంది అది.

ఇంకో విషయం, దీన్ని కాస్త నిదానంగా చదువు. మామూలు సినిమాలో డబ్బా ఊపితే అది ఎంతో కొంత మోగుతుంది, దగ్గర్లో మైకు ఉంటే పట్టుకుంటుంది. బొమ్మ వేసిన డబ్బా మోగదు. సెకనుకి 24 ఫ్రేములు తిరుగుతాయి, వాటికోసం ఎన్ని బొమ్మలు గీసినా ఒక్క బొమ్మ కూడా కిక్కురుమనదు. కాగితం కాగితమే. అందుకని యానిమేషన్లో వినపడే ప్రతి చప్పుడూ, చెప్పుల టకటక దగ్గర్నుంచి కీచురాళ్ళ రొద దాకా, ఎవరో ఒకరు కావాలనుకుని తెచ్చి పెట్టిందే. ఊరికే వచ్చి పడింది ఒక్కటీ లేదు. ఆ డబ్బా మోగాలని ఎవరో అనుకున్నారు, ఎంత మోగాలో కూడా అనుకున్నారు, అది నెల్లూరులో హాస్టల్ గదిలో కూర్చున్న నీకు తగిలింది. యానిమేషన్ పిల్లలకా పెద్దలకా అని అడిగావు గదా, 1988 ఏప్రిల్ 16న జపాన్‌లో ఈ సినిమానీ మై నైబర్ టోటోరో అనే పిల్లల బొమ్మల సినిమానీ జోడీగా ఒకే ఆటలో విడుదల చేశారు. ఆ రోజు హాల్లో ఎవరెవరు కూర్చుని ఉంటారో నువ్వే ఊహించుకో.

"క్షమించండి, ఫోన్లో చూశాను, ఇయర్‌ఫోన్స్ కూడా పాడైపోయాయి" అని రాశావు. ఎందుకమ్మా క్షమాపణ? ఫోను స్పీకరు ఎంతుంటుంది, పెసరగింజంత. విమానాల గుర్రు, బాంబుల దడదడ లాంటి లావు మోతలు దానికి చేతగావు, పల్చబడిపోతాయి. రేకు గలగల లాంటి సన్న చప్పుళ్ళు మాత్రం నిలబడతాయి. పెద్ద హాల్లో చూసి ఉంటే బాంబుల కింద ఆ డబ్బా నీకు ఇంతగా వినపడేదో లేదో. మన దగ్గర ఇప్పుడు వచ్చే సినిమాలకి పోతే హీరో తలుపు తీసినా కొండ కూలినంత మోత. పక్కన కూర్చున్న మనిషి దగ్గు కూడా వినపడదు. దాన్ని సౌండ్ డిజైన్ అంటున్నారు.

నాకీ చెవి పిచ్చి ఎక్కడ అంటుకుందో చెబుతాను. మాది కందుకూరు పక్క పల్లె. నేను పుట్టేటప్పటికి నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా చేశారు, తర్వాత దానికే ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో మళ్ళీ నెల్లూరు అన్నారు. మా ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. ఊరి బయట ఎండాకాలం టూరింగ్ టాకీస్ డేరా వేసేవాళ్ళు. నేల టికెట్‌కి డబ్బులు ఉన్న రోజు లోపల, లేని రోజు బయట జనరేటరుకి దూరంగా గట్టు మీద. మా పెద్దమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఆపరేషన్ అంటే భయం, చేయించుకోలేదు. రాత్రిపూట వాకిట్లో మంచం వేసుకుని ఆ డేరాలోంచి వచ్చే సినిమా మొత్తం వినేది. పొద్దున్నే నేను కథ చెప్పబోతే "నాకు చెప్పబాకరా, నేనూ చూశాలే" అనేది. తర్వాత తనే చెప్పేది. ఆమె చెప్పే సినిమా వేరు! నేను చూసిన సినిమాలో బిందె జారి పడితే ఆమె సినిమాలో కోడలు బావిలో దూకేది. గాలి అటు తిరిగి ఒక పాట వినపడకపోతే అక్కడ ఒక పెళ్ళి చేసేసేది. నిజం చెప్పాలంటే నేను చూసిన వాటికన్నా ఆమెవే బాగుండేవి. తర్వాత్తర్వాత ఇంట్లోకి రేడియో వచ్చి ఆదివారాలు సంక్షిప్త శబ్దచిత్రం, అంటే సినిమాని కుదించి మాటలతో వినిపించేది, వినడం మొదలుపెట్టాక కూడా ఆమె మధ్యలో అనౌన్సరుని తిట్టేది, తన కథకి అడ్డం వస్తున్నాడని.

చాలా ఏళ్ళకి, పొగాకు గోడౌన్లో తూకం గుమస్తాగా ఉన్నప్పుడు, దీని మీదే ఒక వ్యాసం రాశాను, సినిమాల్లో చప్పుళ్ళ గురించి. చిత్తు కాపీ అంతా తూకం చీటీల వెనకవైపే. సాపు చేస్తే 11 పేజీలు వచ్చింది. పోస్టులో పంపితే పోతుందేమోనని భయపడి, బస్సెక్కి ఒక వారపత్రిక ఆఫీసుకి నేనే పోయాను. పొద్దున్న పోతే సాయంత్రం పిలిచారు. ఎడిటరు రెండు పేజీలు తిప్పి, "చప్పుళ్ళ గురించి ఎవడు చదువుతాడయ్యా, కథ చెప్పు, పాటలు ఎట్లా ఉన్నాయో చెప్పు, చాలు" అన్నాడు. చివరికి మూడు పేరాలు వేశారు, ఎవరో హీరోయిన్ ఫొటో కింద. మా పెద్దమ్మ మాటని "ఇనపడతా ఉంది" అని రాస్తే "వినబడుచున్నది" అని దిద్దారు. మా ఇంట్లో ఎవరూ ఏ జన్మలోనూ "వినబడుచున్నది" అని అనలేదు. అయినా సిగ్గులేకుండా ఆరు కాపీలు కొన్నాను, బంధువులకి పంచాను. ఆ ఎడిటరు పేరు చెప్పను గానీ, ఇప్పటికీ టీవీలో ఎవరైనా "చూడదగ్గ చిత్రం" అంటే నాకు ఆయన టేబుల్ మీద ఉండే గాజు పేపర్‌వెయిటే కళ్ళ ముందుకొస్తుంది.

అన్నట్టు నువ్వు రాసిన ఆ జపాన్ సినిమాలో పిల్లలు మాట్లాడేది కూడా టోక్యో భాష కాదు, వాళ్ళ కోబె వైపు యాస. సబ్‌టైటిల్స్‌లో అది కనపడదు. నువ్వు కూడా నీ వ్యాసాల్లో మీ అమ్మ చేత "నిద్రించమని" అనిపించావు ఒకచోట. మీ అమ్మ నిజంగా "పొణుకోబో" అనే ఉంటుంది, అట్లానే రాయి.

డాక్యుమెంటరీల దగ్గర నువ్వు మోసపోయావు. "డాక్యుమెంటరీ అంటే ఉన్నది ఉన్నట్టు చూపించేది కాబట్టి" అని మొదలుపెట్టావు. నానూక్ ఆఫ్ ది నార్త్ అని, ఉత్తరాన మంచుదేశంలో నానూక్ అనే వేటగాడి కుటుంబం మీద 1922లో ఒకటి వచ్చింది, మాటలూ మోతలూ లేని రోజుల్లో. అందులో మంచు ఇంట్లో కుటుంబం నిద్ర లేచే దృశ్యం ఉంటుంది. నిజం ఇంట్లో కెమెరాకి వెలుతురు చాలదని సగం కోసేసిన మంచు ఇల్లు కట్టించి, చలిగాలిలో అందులో తీశారు. ఆ మనిషి పేరు కూడా నానూక్ కాదు. అట్లాగని దాన్ని చూడబాక అనను, చూడు, కాకపోతే ఆ లేని గోడ సంగతి కూడా మనసులో పెట్టుకుని చూడు.

అడవి, పక్షుల సినిమాలైతే మరీను. ఎక్కడో అవతలి ఒడ్డున ఉన్న కొంగని లెన్సు లాక్కొస్తుంది, మైకు లాక్కురాలేదు. అందుకని చాలా చప్పుళ్ళు తర్వాత స్టూడియోలో చేస్తారు. తోలు చేతితొడుగులు విదిలిస్తే రెక్కల చప్పుడు, మొక్కజొన్న పిండి మూట పిసికితే మంచులో నడక. దీన్ని ఫోలీ అంటారు. నీకు "ఆ గూడబాతుల రెక్కల చప్పుడు వింటే గూస్‌బంప్స్" వచ్చాయే, అవి ఎవరి చేతులో ఏమో! నువ్వుండేది నెల్లూరులో. సూళ్ళూరుపేట బస్సెక్కి దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకి చలికాలంలో ఒకసారి పోయిరా. చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు ఉంటాయి. పెద్ద పక్షులు దాదాపు నోరు విప్పవు, గోలంతా పిల్లలది. నేను మొదటిసారి పోయినప్పుడు మేకలు అరుస్తున్నాయేమో అనుకున్నాను. మా కాలంలో డాక్యుమెంటరీ అంటే సినిమాకి ముందు వేసే న్యూస్‌రీలే. ఎక్కడో వరద చూపిస్తారు, దాని మీద ఒకాయన ఊపిరి తీసుకోకుండా చెబుతూనే ఉంటాడు, నీళ్ళ చప్పుడు ఒక్క క్షణం కూడా విననివ్వడు. జనం అప్పుడే బీడీలకి బయటికి పోయేవాళ్ళు.

పాటల గురించి ఎక్కువ చెప్పను, నీకు నాకన్నా ఎక్కువ పాటలు తెలుసు. ఒక్కటే చిరాకు. బాలుగారి పాట గురించి రాస్తూ "గాత్రం దైవదత్తం" అన్నావు. వాళ్ళ నాన్న సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. తిప్పరాజువారి వీధిలో వాళ్ళిల్లు ఎక్కడుందో నీ హాస్టల్ దగ్గర ఎవరినడిగినా చెబుతారు, 2020లో దాన్ని వేద పాఠశాలకి కంచి పీఠానికి ఇచ్చేశారు. బాలుగారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు, అయినా శంకరాభరణంలో పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. దేవుడిచ్చాడంటే ఇంక రాయడానికి ఏం మిగిలింది? పాట పెట్టుకుని ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో వెతుకు. నేను క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి వెతికేవాణ్ణి, టేపు నలిగి రెండు క్యాసెట్లు పాడయ్యాయి, ఇంట్లో తిట్లు తిన్నాను.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇదీ. నచ్చిన సినిమా రెండోసారి పెట్టి ఫోను మంచం మీద బోర్లా పెట్టు. ఒక పది నిమిషాలు చాలు. ఏం వినపడితే అది వరసగా రాసుకో. అర్థాలు రాయబాక, ఏం అనిపించిందో రాయబాక. తలుపు, కుక్క, ఎవరో చీపురుతో ఊడవడం, అట్లా. మధ్యలో మీ హాస్టల్లో బకెట్ చప్పుడైతే అది కూడా రాసుకో, తర్వాత తీసెయ్యచ్చు. మొదట్లో పిచ్చిపనిలాగే ఉంటుంది. నాలుగైదు సినిమాలు అట్లా విన్నాక నీ పీడీఎఫ్ మళ్ళీ తీసి చదువుకో.

ఏ పత్రికకి పంపాలి, యూట్యూబ్ ఛానల్ పెట్టాలా, పుస్తకం వేస్తే ఎంత అవుతుంది, మీ నాన్న వద్దంటే ఏం చెయ్యాలి, ఇంకా ఏవో అడిగావు. చూశాను.

నాయనమ్మ డబ్బా గురించి ఒక్క వాక్యమే రాశావు. అది ఇత్తడిదా, పాత బిస్కెట్ల రేకు డబ్బానా? వక్కలతోపాటు సున్నపు కాయ, అడకత్తెర కూడా అందులోనే పెట్టేదా? ఊపేది ఎందుకు, వక్కలున్నాయో లేదో చూసుకోడానికా, నిన్ను పిలవడానికా? ఇప్పుడు ఎవరి దగ్గరుంది? అది మీ ఇంట్లోనే ఉంటే ఈసారి ఊరికి పోయినప్పుడు తీసి చూసి, ఏముందో రాసి పంపు. రెండు పేజీలు చాలు, జిరాక్స్ ఖర్చు కూడా తగ్గుతుంది.

ఉంటాను.