కాగితం పూల తీగ పూయట్లేదా? యూరియా ఆపండి

మేడ మీది కాగితం పూల మొక్క రెండేళ్లుగా ఆకులే వేస్తోందని, రోజూ నీళ్లు, నెలనెలా యూరియా ఇస్తున్నానని రాశారు కదండీ, ఇబ్బంది అక్కడే ఉంది. యూరియాలో ఉండే నత్రజని ఎక్కువైతే ఈ మొక్క ఏపుగా పెరుగుతుంది కానీ పూత పట్టదు. యూరియా ఆపేయండి. నీళ్లు కూడా పై మట్టి 2 అంగుళాల లోతు ఆరాకే పోయండి, ఆకులు కాస్త వాడినట్టు కనిపించినా టెన్షన్ పడకండి, ఆ మాత్రం దాహం ఉంటేనే దీనికి పూత వస్తుంది. ఎండ రోజుకు 6 గంటలైనా తగలాలి. పూలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి కాబట్టి పొడవు కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి, చేతికి తొడుగులు మర్చిపోకండి, ముళ్లు బాగా దిగుతాయి. కుండీ మాత్రం ఇప్పుడే మార్చొద్దు, వేళ్లు కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది.