మంచు మీద ఒక్క రోజు: పిల్లలతో, అత్తమ్మతో గుల్మార్గ్

ప్రశ్న: మాది హన్మకొండ. సంక్రాంతి సెలవులకు కాశ్మీర్ టికెట్లు బుక్ చేసుకున్నాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకు 63 ఏళ్లు, బీపీ ఉంది. గుల్మార్గ్‌కు ఒక్క రోజే పెట్టుకున్నాం. పిల్లలు స్కీయింగ్ చేస్తామని ఒకటే గొడవ. మా ఆయనేమో గండోలాలో (అక్కడి రోప్‌వేలో) చివరి దాకా పోవాల్సిందే అంటున్నారు. అత్తమ్మ ‘నన్ను హోటల్లో వదిలి మీరు పోయి రండి బిడ్డా’ అంటున్నది. మాలో ఎవరం ఇంతవరకు మంచు చూడలేదు. ఒక్క రోజులో ఇవన్నీ అవుతాయా?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అన్నీ కావు. కానీ అత్తమ్మను మాత్రం హోటల్లో వదలకండి. ముందు అది ఖాయం చేసుకుంటే మిగతా రోజు ఎట్లా గడపాలో దానంతటదే తేలిపోతుంది.

గుల్మార్గ్ అంటే కొండ అంచున నిలబడాల్సిన చోటేం కాదు. పైకి చేరాక పెద్ద పళ్లెం లాంటి మైదానం వస్తుంది, ఎండాకాలంలో అక్కడ గోల్ఫ్ ఆడతారు, చలికాలంలో అదంతా తెల్లగా మంచు కప్పుకొని ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల వాలు ఆ మైదానం దగ్గరే. అంటే పిల్లలు జారుతూ పడుతూ ఉంటే అత్తమ్మ ఎండ తగిలే చోట కుర్చీ వేయించుకొని కూర్చొని చూడొచ్చు, మీరు మధ్యలో వచ్చి చాయ్ తాగిపోవచ్చు, ఎవరూ ఎవరి కంటికీ దూరం కారు. ఇంటిల్లిపాదీ పోవడానికి నేను గుల్మార్గే చెప్పేది ఇందుకే.

ఎత్తు సంగతి మాత్రం తేలికగా తీసుకోవద్దు. మన హన్మకొండ సముద్రమట్టానికి 300 మీటర్లు కూడా ఉండదు, గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్లు. గాలిలో మనకు అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో ముప్పావు వంతే. అత్తమ్మ బీపీ మాత్ర ఆ రోజు తప్పకూడదు, బయల్దేరే వారం ముందు మీ డాక్టర్‌కు ఒకసారి చూపించి ఇంత ఎత్తుకు పోతున్నామని చెప్పి అడగండి, అక్కడికి పోయాక మెల్లగా నడిపించండి, దాహం వేయకపోయినా గోరువెచ్చని నీళ్లు తాగిస్తూ ఉండండి. శ్రీనగర్‌లో ముందు ఒక రోజు ఉండి ఆ తర్వాత గుల్మార్గ్ ఎక్కితే ఒంటికి సులువు, కాబట్టి దిగిన మర్నాడే పెట్టుకోకుండా ట్రిప్ మధ్యలో పెట్టుకోండి.

ఇక మీ ఆయన గండోలా. రెండు దశలుంటుంది. మొదటిది గుల్మార్గ్ నుంచి కాంగ్‌డోరీ దాకా, 3,000 మీటర్లు దాటుతుంది. ఇది 1998లో మొదలైంది. రెండోది 2005లో వచ్చింది, అఫర్వత్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. మొదటి దశకు అందరూ వెళ్లండి, డబ్బాలో కూర్చొని దేవదారు చెట్ల నెత్తిన పోతుంటే ఆ పది నిమిషాలు పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ సంబరపడతారు. రెండో దశ ఆరేళ్ల బాబుకు, బీపీ ఉన్న పెద్దావిడకు వద్దు. పైన నేర్చుకునేవాళ్ల వాలు ఏమీ లేదు, అదంతా బాగా వచ్చినవాళ్లకు. గాలి లేస్తే రెండో దశ ఆపేస్తారు కూడా, టికెట్ చేతిలో పెట్టుకొని గంటలు నిలబడి పిల్లల పూట పాడు చేసుకున్న కుటుంబాలను నేను కళ్లారా చూశాను. మీ ఆయనకు ఈ ముక్క చదివి వినిపించండి. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, అక్కడ చుట్టూ మూగి ‘నేనిప్పిస్తా’ అనేవాళ్ల దగ్గర కాదు.

పొద్దున ఏడింటికల్లా శ్రీనగర్ వదలాలి. దూరం యాభై కిలోమీటర్లే, కానీ టంగ్‌మార్గ్ తర్వాత పదమూడు కిలోమీటర్లు మలుపులే మలుపులు, రోడ్డు మీద మంచుంటే టైర్లకు గొలుసులు కట్టిన బండిలోకే మారాల్సి వస్తుంది. దానికి గంట అదనంగా లెక్కేసుకోండి. పిల్లలకు వాంతులయ్యే అలవాటుంటే కడుపు నిండా టిఫిన్ పెట్టి ఎక్కించొద్దు.

ఇప్పుడు స్కీయింగ్. పొద్దున రెండు గంటలు చాలు. నిజంగా చాలు. ఆరేళ్ల పిల్లవాడికి గంటన్నర దాటితే కాళ్లు అలసిపోతాయి, అలసిన కాళ్లతో పడితేనే దెబ్బలు. తప్పకుండా నేర్పేవాడిని పెట్టుకోండి, ఇద్దరు పిల్లలకు ఒకతను సరిపోతాడు. ఎంత సేపు, ఎంత డబ్బు, అందులో బూట్లు, స్కీలు (బూట్లకు బిగించే పొడవాటి పట్టీలు), కర్రలు కలిసున్నాయా లేదా, ఈ మూడూ మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి. మొదటి అరగంట వాలు కూడా ఎక్కించరు, చదును మీద పక్కకు అడుగులేయడం, పడితే ఎట్లా లేవాలి, ఇదే. పడబోతున్నాం అనిపిస్తే పక్కకు, తుంటి మీదకు పడాలి, వెనక్కి కాదు. ఆ తర్వాత ఆగడం నేర్పుతారు: స్కీల ముందు కొసలు రెండూ దగ్గరికి, వెనక కొసలు దూరంగా. పిల్లలకు పిజ్జా ముక్క అని చెప్తే వెంటనే పట్టుకుంటారు. మీ పాప మధ్యాహ్నానికి తనంతట తాను చిన్న వాలు దిగి ఆగగలిగితే ఆ రోజుకు అది పెద్ద విజయం.

బూట్ల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మేం దెబ్బ తిన్నది అక్కడే. మొదటిసారి పోయినప్పుడు మా బాబుకు అద్దె షాపతను ఒక సైజు పెద్ద బూట్లు ఇచ్చాడు, ‘రెండు జతల సాక్స్ వేస్తే టైట్ అవుతాయి’ అన్నాడు, నేనూ నమ్మి ఇక్కడి నుంచి తెచ్చిన కాటన్ సాక్స్ రెండు జతలు వేశాను. పదకొండున్నరకు వాడు ఏడుపు మొదలుపెట్టాడు. బూటు విప్పితే సాక్స్ పిండితే నీళ్లు కారేటట్టున్నాయి, వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వాడి పాదాలు రెండూ నా స్వెట్టర్ లోపల పొట్టకు ఆనించుకొని అట్లాగే కూర్చున్నాను, వేళ్లకు రంగు తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మంటల దగ్గర పెట్టొద్దని, రుద్దొద్దని పక్కనున్న ఒక కాశ్మీరీ ముసలాయన చెప్పాడు, ఆయన చెప్పింది సరైనదే, మొద్దుబారిన చర్మం కాలుతున్నా తెలియదు. మావాడు ఆ తర్వాత స్కీ ముట్టలేదు.

కాబట్టి బూటు వేశాక పిల్లవాడిని నిలబెట్టి మోకాళ్లు కొంచెం ముందుకు వంచమనండి. మడమ వెనక్కి అతుక్కొని లేవకుండా ఉండాలి, వేళ్లు లోపల కదలాలి, ముందు గోడకు నొక్కుకోకూడదు. సాక్స్ ఒకే జత, ఉన్నివి, బూటు పైకి వచ్చేంత పొడవువి. పాంటు అంచు బూటు లోపలికి దూర్చొద్దు. స్కీ నిలబెడితే నేర్చుకునేవాళ్లకు గడ్డం దాకా వస్తే చాలు, పొడుగువి అంటగడితే మార్చమని అడగండి. బరువు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పడ్డప్పుడు స్కీ నుంచి బూటు ఊడిరావాలంటే ఆ బిగింపు బరువును బట్టే పెడతారు.

బట్టల్లో కాటన్, జీన్స్ వద్దు, తడిస్తే ఒంటి వేడిని లాగేస్తాయి. లోపల థర్మల్, దాని మీద ఉన్ని స్వెట్టర్, పైన నీళ్లు దిగని జాకెట్. పై జాకెట్, పాంటు అక్కడ అద్దెకు దొరుకుతాయి, కొనొద్దు. ఉన్ని సాక్స్, గ్లౌజులు మాత్రం ఇక్కడే, చలికాలం రోడ్డు పక్కన వెలిసే స్వెట్టర్ల అంగళ్లలో చూసి కొనుక్కోండి. ఒక్కొక్కరికి ఒక పొడి జత ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి బ్యాగులో వేసుకోవడం మర్చిపోవద్దు. నల్ల కళ్లద్దాలు అందరికీ కావాలి, అత్తమ్మకు కూడా. తాజా మంచు ఎండలోని అతినీల కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది, మబ్బుగా ఉన్నా కళ్లు మండి సాయంత్రానికి నీళ్లు కారతాయి. ముఖానికి సన్‌స్క్రీన్, ముక్కు కింద, గడ్డం కింద కూడా.

సంక్రాంతి సెలవులే కాబట్టి ఇంట్లో సకినాలు చేసే ఉంటారు, ఒక డబ్బా పట్టుకెళ్లండి. చలిలో పిల్లలకు ఊరికే ఆకలేస్తుంది, అక్కడ నోటికి తెలిసిన రుచి ఉంటే మారాం చేయరు. మాకు స్కీయింగ్ నేర్పే అతనికి మేం రెండు సకినాలు పెడితే నువ్వులు, వాము గుర్తుపట్టి ఎట్లా చేస్తారని అడిగి తెలుసుకున్నాడు. అత్తమ్మకు కుంకుమపువ్వు వేసిన కహ్వా నచ్చుతుంది. గులాబీ రంగులో ఉండే నూన్ చాయ్ మాత్రం ఉప్పుగా ఉంటుంది, బీపీ ఉంది కాబట్టి రుచి చూసి వదిలేయమనండి.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ కలిసి గండోలా మొదటి దశ, కిందికొచ్చి పిల్లలకు మంచులో ఆట, నాలుగింటికి బండి. జనవరిలో తొందరగా చీకటి పడుతుంది, ఆ మలుపుల్లో రోడ్డు గడ్డకట్టక ముందే దిగిపోవాలి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, మీ ఇద్దరిలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేటట్టు చూసుకోండి, తప్పిపోయినప్పుడు టెన్షన్ ఉండదు. కలుసుకునే చోటు కూడా ముందే అనుకోండి.

మంచు ఉంటుందా అంటే, చిల్లై కలాన్ అని వాళ్లు పిలిచే నలభై రోజుల గట్టి చలి డిసెంబర్ 21 నుంచి జనవరి చివరి దాకా, మీరు పోయేది సరిగ్గా అప్పుడే. అయినా గ్యారంటీ లేదు. 2024లో జనవరి చివరి వారం దాకా గుల్మార్గ్‌లో మంచు సరిగా పడక గడ్డి బయటపడే ఉంది. పోయే వారం ముందు హోటల్‌కు ఫోన్ చేసి ఆ రోజు తీసిన ఫొటో పంపమనండి. మంచు లేకపోతే స్కీకి డబ్బులు కట్టొద్దు.

ప్రశ్న: కాశ్మీర్ కాకుండా ఉత్తరాఖండ్‌లోని ఔలీ పోదామనుకుంటున్నాం. మంచిర్యాల నుంచి ఢిల్లీ రైలుంది కదా, అక్కడి నుంచి ఒక రోజులో చూసి రావొచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: రావొచ్చా అంటే రాలేరు. ఢిల్లీ దాకా రైలు సులువే, కానీ రిషికేశ్ నుంచి ఔలీ కింద ఉండే జోషీమఠ్‌కు దాదాపు 250 కిలోమీటర్ల కొండ దారి, ఒక పగలంతా పోతుంది. వాలు మాత్రం మంచిది, ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి కనబడుతుంది, 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీ పోటీలు అక్కడే జరిగాయి. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు అక్కడి నుంచి ఔలీకి పోయే రోప్‌వే ఆపేశారు, అందుకని పైకి రోడ్డు మీదే పోవాలన్న లెక్కతో బయల్దేరండి. కనీసం ఔలీలోనే రెండు రాత్రులుండేలా పెట్టుకుంటేనే పోండి. చిన్నపిల్లలు ఉండి రోజులు తక్కువుంటే మనాలీ పక్కన సోలంగ్ నయం, ఊరికి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లే. అక్కడ మంచు లేకపోతే 2020లో తెరిచిన అటల్ టన్నెల్ దాటి సిస్సూ వైపు వెళ్తే తరచుగా దొరుకుతుంది.

ప్రశ్న: నాకు 48. మెట్లెక్కితే కుడి మోకాలు నొప్పి. పిల్లలతో పాటు స్కీయింగ్ చేయాలని చాలా ఆశగా ఉంది. హైదరాబాద్ స్నో వరల్డ్‌లో ముందు ప్రాక్టీస్ చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ ఆశ నాకు అర్థమవుతుంది, కానీ నొప్పి ఉన్న మోకాలితో చేయొద్దు. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలే, ఎందుకంటే బూటు చీలమండను కదలనివ్వదు, పడ్డప్పుడు మెలికంతా మోకాలి మీదకే వస్తుంది. ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఏమీ లేదు, కండరాలు బలహీనంగా ఉన్నాయంతే అని ఆయన అంటే రెండు నెలలు తొడలకు వ్యాయామం చేసి, ఎల్గందుల ఖిల్లా ఎక్కి దిగి చూడండి. ఎక్కడం కాదు, దిగేటప్పుడు నొప్పి రాకపోతే వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. స్నో వరల్డ్‌లో స్కీ వాలు లేదు, కానీ సున్నా కంటే తక్కువ చలిలో పిల్లలు ఎంత సేపు ఉండగలరు, గ్లౌజుల్లో నీళ్లు దిగుతున్నాయా అన్నది చూసుకోవడానికి ఒకసారి పోవడం మంచిదే. మీ పిల్లల గ్లౌజులు మీవే తీసుకెళ్లి అక్కడే పరీక్షించండి.