ఒప్పుకుంటే పోతుందా? రైల్వే కేసులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. పండక్కి సికింద్రాబాద్ నుంచి ఊరికి రావడానికి ఆన్‌లైన్‌లో స్లీపర్ టికెట్ తీశాను, చివరిదాకా వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయింది. అయినా ఎక్కేశాను. టీటీఈ అడిగినంత డబ్బు నా దగ్గర లేదు, మాటా మాటా పెరిగింది. దారిలో దించి ఆర్పీఎఫ్‌కి (రైల్వే రక్షణ దళానికి) అప్పగించారు. సెక్షన్ 137 కింద కేసు రాసి, బెయిల్ మీద వదిలి, రైల్వే కోర్టుకి రమ్మని తేదీ ఇచ్చారు. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుందని అందరూ అంటున్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. దీనివల్ల ఉద్యోగం రాకుండా పోతుందా?
— పేరు వద్దన్న పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఇంట్లో చెప్పండి. కోర్టుకి ఒంటరిగా వెళ్లకండి, పక్కన మనవాళ్లు ఒకరుంటే తొందరపాటు మాటలు మాట్లాడరు. ఇక జైలు భయం సంగతి. 1989 రైల్వే చట్టంలో 137 సెక్షన్‌కి గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, లేదా 1000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప జరిమానా 500కి తగ్గకూడదు. మొదటిసారి దొరికినవాళ్లకి మామూలుగా జరిమానాతోనే సరిపెడతారు. కాబట్టి మీరు కూర్చుని ఆలోచించాల్సింది జైలు గురించి కాదు, జడ్జిగారి ముందు "ఒప్పుకుంటున్నాను" అనే ఆ ఒక్క మాట గురించి.

ఎందుకంటే టికెట్ లేకుండా దొరికిన ప్రతి మనిషీ నేరస్తుడు కాదు, చట్టమే ఆ తేడా చూపించింది. 138 సెక్షన్ ప్రకారం టీటీఈ మీ దగ్గర టికెట్ ధరా, దానిమీద అంతే మొత్తమో లేక 250 రూపాయలో, ఏది ఎక్కువైతే అది అదనపు చార్జీగానూ వసూలు చేస్తారు. అంటే చార్జీ 200 అయితే 450 కట్టాలి, 400 అయితే 800. కట్టి రసీదు తీసుకున్నారంటే అక్కడితో అయిపోయింది, అది శిక్ష కాదు, నేర చరిత్రా కాదు. కట్టకపోయినా మేజిస్ట్రేట్ ద్వారా ఆ సొమ్ము రాబట్టుకునే దారి ఆ సెక్షన్‌లోనే ఉంది, అప్పటికీ కట్టకపోతే 10 రోజుల నుంచి నెల దాకా జైలు వేయొచ్చు. 137 అలా కాదు. రైల్వేని మోసం చేయాలన్న ఉద్దేశంతో ఎక్కినవాళ్ల కోసం పెట్టిన సెక్షన్ అది. ఆ ఉద్దేశం ఉందా లేదా అన్నదే మీ కేసుకి ప్రాణం.

మీ విషయంలో ఏం జరిగిందో చూద్దాం. ఆన్‌లైన్ టికెట్‌లో అందరి పేర్లూ వెయిటింగ్‌లోనే మిగిలిపోతే, చార్టు తయారైన తర్వాత అది దానంతటదే రద్దయిపోయి డబ్బు ఖాతాలోకి వెనక్కి వస్తుంది. ఆ తర్వాత ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క, అందులో టీటీఈ తప్పు లేదు. (కౌంటర్‌లో తీసిన వెయిటింగ్ టికెట్ అలా రద్దు కాదు, దాంతో జనరల్ బోగీలో వెళ్లొచ్చు, స్లీపర్‌లోకీ ఏసీలోకీ మాత్రం ఎక్కకూడదు. ఈ తేడా తెలియక పండగలప్పుడు ఎంతమంది పిల్లలు ఇరుక్కుంటున్నారో!) అయితే మీరు ముందుగా డబ్బు కట్టి టికెట్ తీశారు, రద్దయిందని తెలియకుండానో, తెలిసినా ఎలాగోలా ఊరు చేరాలనో ఎక్కారు. నిజంగా తెలియకపోతే మీ వాదన గట్టిది. బుకింగ్ మెసేజ్, రద్దయినట్టు మెసేజ్, అది ఎన్ని గంటలకి వచ్చింది, బ్యాంకులో డబ్బు ఎప్పుడు పడింది, ఇవన్నీ ప్రింట్ తీసి పెట్టుకోండి. నేరం ఒప్పుకోనని చెప్పి, మోసం ఉద్దేశం లేదని, చార్జీ, అదనపు చార్జీ ఇప్పుడైనా కట్టడానికి సిద్ధమని లాయరు ద్వారా చెప్పించండి. కాస్త తిరగాల్సి వస్తుంది, రెండు మూడు వాయిదాలు పడొచ్చు. పడితే పడనివ్వండి.

డబ్బు ఎగ్గొట్టాలనే ఎక్కారనుకోండి, అప్పుడు అబద్ధం చెప్పమని నేను చెప్పను. కానీ ఊరికే ఒప్పుకుని ఫైన్ కట్టి రాకండి. 1958 ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 3వ సెక్షన్ కింద, ఇలాంటి చిన్న నేరంలో, పాత శిక్షలేవీ లేనివాళ్లని జడ్జిగారు మందలించి వదిలేయొచ్చు. అలా వదిలేస్తే, శిక్ష పడినందువల్ల వచ్చే అనర్హత అంటుకోదని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఇది అడిగితేనే జరుగుతుంది. ఆ రోజు హడావిడిలో వరసగా పేర్లు పిలుస్తూ పోయే చోట మీ తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి.

ఉద్యోగం మాటకొస్తే, ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే శిక్ష పడినట్టే. పోలీసు ఉద్యోగానికి అటెస్టేషన్ ఫారంలో (అభ్యర్థి తన వివరాలు రాసిచ్చే కాగితం) కేసులున్నాయా, శిక్షలు పడ్డాయా అని అడుగుతారు. అక్కడ దాచొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలనీ, చిన్నాచితకా నేరాల విషయంలో అధికారులు విచక్షణతో చూసీచూడనట్టు వదిలేయొచ్చనీ చెప్పింది. నిజం రాసినా పరిశీలించి కాదనే అధికారం వాళ్లకి ఉంది, పోలీసు శాఖలో ఆ చూపు ఇంకా కఠినంగానే ఉంటుంది. అయినా దాచి దొరికిపోవడం కన్నా ఉన్నది ఉన్నట్టు రాయడమే మీకు మంచిది.

లాయరు ఫీజు భారమైతే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ నంబరు అది. ఎస్సీ, ఎస్టీలకీ, మహిళలకీ, చట్టం చెప్పిన మరికొందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా, మిగతావాళ్లకి ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా లాయరుని ఇస్తారు. ఇంకోటి, ఏం చేసినా తేదీ మాత్రం ఎగ్గొట్టకండి. వెళ్లకపోతే వారంటు వస్తుంది, అప్పుడు ఐదొందల కేసు అరెస్టు దాకా పోతుంది.

ప్రశ్న: మా చెల్లి ఒక్కతే రాత్రి బండిలో వస్తుంటే జనరల్ టికెట్ ఎక్కడో పడిపోయింది. తర్వాతి స్టేషన్‌లో దించేస్తామని బెదిరించారట. అలా దించొచ్చా?
— ఒక అక్క, అనకాపల్లి

జవాబు: దించకూడదు. మగతోడు లేని స్త్రీనీ, పిల్లలనీ వాళ్లు ప్రయాణం మొదలుపెట్టిన స్టేషన్‌లో గానీ, జంక్షన్‌లో గానీ, ఆఖరి స్టేషన్‌లో గానీ, జిల్లా కేంద్రంలో ఉన్న స్టేషన్‌లో గానీ మాత్రమే దించాలి, అదీ పగటిపూటే. రైల్వే చట్టం 139వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు కూడా 139 కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. చార్జీ, అదనపు చార్జీ మాత్రం కట్టాల్సిందే. ఎక్కడ ఎక్కిందో చూపించలేకపోతే బండి మొదలైన చోటు నుంచి లెక్కేస్తారు, ఢిల్లీ బండిలో వరంగల్‌లో ఎక్కినా ఢిల్లీ నుంచే. అందుకే టికెట్ తీసిన వెంటనే ఫొటో తీసుకోమనండి. అది టికెట్ కిందికి రాదు గానీ ఎక్కడ ఎక్కిందో చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

టికెట్ తీసే టైమే లేకపోతే, బండి ఎక్కకముందే టీటీఈకో, గార్డుకో (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు) చెప్పి, అనుమతి ఇచ్చినట్టు కాగితం అడగాలి. 55వ సెక్షన్ ప్రకారం ఇచ్చే ఆ కాగితం చేతిలో ఉంటే టికెట్ ధర కడితే చాలు, అదనపు చార్జీ పడదు. చెల్లికి ఈ సంగతి కూడా చెప్పండి.