మేనత్త సంగతి దాచొద్దు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, ల్యాప్రోస్కోపీతో తీసేయాలన్నారు. రెండుసార్లు డేటు వాయిదా వేయించాను. కోతకు భయం లేదు, మత్తంటేనే భయం. నా చిన్నప్పుడు మా మేనత్త ఆపరేషన్‌కని వెళ్లి మత్తులోంచి లేవలేదు. మధ్యలో మెలకువ వస్తే? మత్తులో నోరు జారి ఏమైనా అనేస్తే? ‘శుభమా అని వెళ్తూ ఆవిడ మాట డాక్టర్ల దగ్గర ఎత్తకు’ అంటున్నారు మావారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీవారి మాట ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది ఆ సంగతే. మేనత్తంటే రక్తసంబంధం. కొన్ని మత్తుమందులు ఒంటికి పడకపోవడం అరుదుగా కొన్ని కుటుంబాల్లో వారసత్వంగా వస్తుంది. ముందే తెలిస్తే ఆ మందుల జోలికి పోకుండా వేరేవి వాడతారు. ఆవిడ అసలు జబ్బు వల్లే పోయి ఉండొచ్చు కూడా. మీ నాన్నగారినో, బాబాయినో అడగండి. ఏ ఆపరేషన్, ఎప్పుడు, ఒళ్లు విపరీతంగా కాలిందా, ఊపిరి అందలేదా... గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితం సర్జన్‌కు కాదు, మత్తు డాక్టరుకు ఇవ్వాలి. ఆపరేషన్‌కు ముందు ఆయన పీఏసీ (ప్రీ ఎనస్తటిక్ చెకప్) అని, మత్తుకు ముందు ఒక చెకప్ చేస్తారు. చాలామంది దాన్ని బీపీ చూపించుకుని, సంతకం పెట్టి వచ్చేసే తతంగం అనుకుంటారు. మీరు అలా లేచి రాకండి. ‘నాకు చాలా భయంగా ఉందండీ’ అని నోరు తెరిచి చెప్పండి. ముందురోజు నిద్రకు మాత్ర అవసరమైతే వాళ్లే రాస్తారు, ఇంట్లో అత్తగారి మాత్ర మాత్రం మింగకండి. ఘాట్‌రోడ్డు ఎక్కితే వాంతులవుతాయా? అదీ చెప్పండి, ఆపరేషన్ తర్వాత వాంతులు తగ్గేందుకు మందు ముందే ఇస్తారు. కదిలే పన్ను, వాడుతున్న నాటుమందు, ఏదీ దాచొద్దు.

మెలకువ అసలు రాదని నేను హామీ ఇవ్వను. బ్రిటన్, ఐర్లండ్ ఆసుపత్రుల్లో చేసి 2014లో ప్రకటించిన పెద్ద సర్వేలో, సుమారు 19,000 జనరల్ ఎనస్తీషియాలకు (పూర్తి మత్తు) ఒకరు అలా జరిగిందని చెప్పారు. మందు ఎక్కించేసి డాక్టరు బయటికి వెళ్లిపోరు. ఆపరేషన్ అయ్యేదాకా మీ తల దగ్గరే ఉంటారు. 1888, 1889లో ఆరో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద రెండు కమిషన్లు నడిచాయి. రోగి నాడిని చూడాలా, ఊపిరిని చూడాలా అన్నది అప్పటి గొడవ. ఇప్పుడు రెండింటినీ మెషిన్లు క్షణక్షణం చూపిస్తుంటాయి. వేలికి పెట్టేది కరోనాలో మనం కొనుక్కున్న ఆక్సీమీటర్ లాంటిదే.

నోరు జారడం గురించి చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఇలాంటి ఆపరేషన్‌లో సాధారణంగా గొంతులోకి గొట్టం వేస్తారు, మాట్లాడదామన్నా కుదరదు. లేచేటప్పుడు ఒకటి రెండు మాటలు గొణిగినా, అక్కడి నర్సులు రోజూ వినేవే.

మందు ఎక్కేటప్పుడు చేయి కాస్త మండొచ్చు, అర నిమిషంలో నిద్ర వస్తుంది. ఆ తర్వాత మీకు తెలిసేది ‘కళ్లు తెరవండమ్మా’ అన్న పిలుపే. గొంతు నొప్పి, వణుకు ఉండొచ్చు. కడుపులో గ్యాస్ నింపి చేస్తారు కాబట్టి భుజం కూడా లాగొచ్చు. అవి చూసి కంగారుపడకండి.

మూడో డేటు మాత్రం వాయిదా వేయకండి. రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే కామెర్లో, పాంక్రియాస్ వాపో వచ్చి హడావిడిగా చేయాల్సి వస్తుంది. అప్పుడు మత్తు ఇవ్వడం ఇంకా కష్టం. మత్తు డాక్టరుతో మాట్లాడాక కూడా నిద్ర పట్టకపోతే, ఆపరేషన్ లోపే ఒక సైకియాట్రిస్టునో, కౌన్సెలర్‌నో కలవండి.

మంగళసూత్రం తీయాలంటారని బెంగా? ఆ రోజుకు పసుపు తాడు కట్టుకోవచ్చేమో ముందే అడగండి. ఇక మీవారికి ఒక పని అప్పగించండి. ఆపరేషన్ రోజు పొద్దున్నే ‘రెండు గుక్కలు తాగు, ఏం కాదు’ అంటూ ఎవరో ఒకరు మీ చేతికి కాఫీ గ్లాసు ఇస్తారు. పాల కాఫీ అన్నంతో సమానం, మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. ఆ గ్లాసును ఆయనే గుమ్మం దగ్గర ఆపాలి.