ఫిట్స్ మాత్ర ఆపేసి సీబీడీ ఆయిల్ చుక్కలా?

ప్రశ్న: మాది గుణుపూర్, రాయగడ జిల్లా. మా అమ్మాయికి 23 ఏళ్ళు, 50 కేజీలు ఉంటుంది. టెన్త్ నుంచి ఫిట్స్ ఉన్నాయి. రెండుపూటలా వాల్‌ప్రోయేట్, రాత్రికి క్లోబజామ్ కూడా వేస్తాం. ఏడెనిమిది నెలలకోసారి వస్తుంది అంతే. మాఘంలో పెళ్ళి కుదిరింది. ఇన్ని మాత్రలు చూస్తే అబ్బాయివాళ్ళు ఏమంటారో అని వాల్‌ప్రోయేట్ ఆపేసి మూడు వారాలైంది, ఆన్‌లైన్‌లో సీబీడీ ఆయిల్ తెప్పించి రాత్రి 5 చుక్కలు వేస్తున్నాం. 30 ఎమ్మెల్ సీసా, 1000 ఎంజీ అని ఉంది. ఫిట్ రాలేదు, నిద్ర కూడా బాగా పడుతోంది. గంజాయి మొక్కదే అయినా మత్తు ఉండదంటున్నారు, నిజమేనా? ఎన్ని చుక్కల దాకా పెంచొచ్చు? మా ఆవిడ మోకాళ్ళ నొప్పులకి కూడా వాడొచ్చా?

జవాబు: మత్తు సంగతి తర్వాత చెప్తాను గానీ, వాల్‌ప్రోయేట్ ఎవర్ని అడిగి ఆపారండీ? ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా మానేస్తే ఒకదాని వెనక ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అలాంటి కేసుల్లో ప్రాణం మీదకి వస్తుంది. మూడు వారాలు ఫిట్ రాలేదు కాబట్టి ఆయిల్ పనిచేస్తోందనుకుంటున్నారు. మీరే రాశారు కదా, ఏడెనిమిది నెలలకోసారి వస్తుందని, అలాంటప్పుడు మూడు వారాలు ఏం లెక్క?

ఇక ఆయిల్ సంగతి. సీబీడీ అంటే కన్నాబిడియోల్, గంజాయి మొక్కలో ఉండే పదార్థమే. మత్తెక్కించేది దాంట్లోనే ఉండే ఇంకోటి, టీహెచ్‌సీ. సీబీడీ వల్ల ఆ మత్తు రాదు, అలవాటు పడే ప్రమాదం కూడా కనిపించలేదని డబ్ల్యూహెచ్‌ఓ 2018లో చెప్పింది, అంతవరకు మీరు విన్నది నిజమే. ఫిట్స్‌కి పనికొస్తుందన్నది కూడా పూర్తిగా గాలి మాట కాదు. అమెరికాలో 2018లో ఎపిడియోలెక్స్ అనే శుద్ధి చేసిన సీబీడీ మందుకి పర్మిషన్ ఇచ్చారు, కానీ దేనికి, చిన్నతనంలో మొదలయ్యే లెనాక్స్ గాస్టో, డ్రావే అనే రెండు మొండి రకాల మూర్ఛలకి, 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు వ్యాధి వల్ల వచ్చే ఫిట్స్‌ని కూడా చేర్చారు. ఆ ట్రయల్స్‌లో రోగులకి పాత మాత్రలు ఆపలేదు, వాటికి తోడుగా ఇచ్చారు. మీ అమ్మాయిది ఆ రకమో కాదో రిపోర్టులు చూడకుండా నేను చెప్పలేను, రాసినదాన్నిబట్టి కాదేమో అనిపిస్తోంది.

మోతాదు చూడండి. ఆ మందు మామూలుగా రోజుకి కేజీకి 10 ఎంజీ, అవసరమైతే 20 దాకా ఇస్తారు. 50 కేజీల మనిషికి అంటే కనీసం 500 ఎంజీ. మీ సీసా మొత్తంలో ఉన్నదే 1000, అంటే రెండ్రోజులకి సరిపోద్ది. మీ 5 చుక్కల్లో మహా అయితే 8 ఎంజీ. ఇది ఫిట్స్‌ని ఆపుతోందని మీరు నమ్మి అసలు మాత్ర మానిపించారు. ఇది చదివి చుక్కలు పెంచేయకండి దయచేసి! ఆ మోతాదులో సీబీడీ ఇస్తే క్లోబజామ్ ప్రభావం రక్తంలో బాగా పెరిగి మనిషి తూగిపోతుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ ఎంజైములు పెరుగుతాయి, అందుకే ముందు లివర్ టెస్ట్ చేయించి, మధ్యమధ్యలో మళ్ళీ చేయిస్తూ ఇస్తారు. విరేచనాలు, ఆకలి తగ్గడం ఇవి సరేసరి. నిద్ర బాగా పడుతోంది అన్నారు చూశారూ, నాకైతే అది శుభవార్తలా అనిపించలేదు.

పైగా సీసాలో ఏముందో ఎవరికి తెలుసు? అమెరికాలోనే ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తుల్ని పరీక్షిస్తే మూడింట ఒక వంతుకి కూడా లేబుల్ మీద రాసినంత మందు సరిగ్గా లేదు, 18 వాటిలో టీహెచ్‌సీ కూడా దొరికింది, 2017లో వచ్చిన పరిశోధన ఇది. మన దగ్గర 1985 నాటి నార్కోటిక్స్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు, ఉత్త ఆకు అందులోకి రాదు, ఆ దారిలోనే విజయ (ఆయుర్వేదంలో గంజాయి మొక్క పేరు) పేరుతో ఆయుర్వేద లైసెన్స్ మీద ఆకు తైలాలు అమ్ముతున్నారు. వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని వాటి లేబుల్ మీదే ఉండాలి, ఒకసారి చూడండి. హెంప్ సీడ్ ఆయిల్ అయితే అది గింజల నూనె, అందులో సీబీడీ దాదాపు ఉండదు.

ఇప్పుడు మీరు అడగని విషయం, నాకు అన్నిటికంటే ఎక్కువ భయంగా ఉన్నది. పెళ్ళి కావాల్సిన అమ్మాయి వాల్‌ప్రోయేట్ మీద ఉండటం. గర్భంలో ఆ మందు పడితే పదిమంది పిల్లల్లో సుమారు ఒకరికి పుట్టుకతో లోపాలు, 10 మందిలో 3, 4గురికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. కాబట్టి మాత్ర మారాల్సిందే, కానీ మీరు చేసినట్టు కాదు, న్యూరాలజిస్టు లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ లాంటివి చూసి మెల్లగా మారుస్తారు, ఫోలిక్ యాసిడ్ కూడా ముందే మొదలుపెడతారు. గర్భం వస్తే సీబీడీ కూడా వాడకూడదనే చెప్తున్నారు. పెళ్ళికి ముందే వెళ్ళాలి, కార్డులు పంచాక కాదు. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికైనా, విశాఖ కేజీహెచ్‌ ఆసుపత్రికైనా, మీకు ఏది వీలైతే అది. పాత చీటీలు, ఈఈజీ, ఎంఆర్ఐ, ఈ ఆయిల్ సీసా కూడా సంచిలో వేసుకెళ్ళండి. ఈలోపు మాత్ర రాసిన డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేసి మూడు వారాలుగా ఆపామని దాచకుండా చెప్పండి, మళ్ళీ ఎంత మోతాదుతో మొదలెట్టాలో వాళ్ళే చెప్పాలి. క్లోబజామ్ మాత్రం ఆపొద్దు, ఆయిల్ ఆపేయండి. వంశధారకి స్నానానికి, బావి దగ్గరకి, పొయ్యి దగ్గరకి అమ్మాయిని ఒంటరిగా పంపకండి. ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు, నోట్లో స్పూన్లు వద్దు, 5 నిమిషాలు దాటితే 108.

అబ్బాయివాళ్ళకి దాచడం గురించి డాక్టరుగా నేను చెప్పేది కొంచెమే. పెళ్ళయ్యాక అత్తారింట్లో దొంగచాటుగా మాత్ర వేసుకోలేక మానేసి ఫిట్‌తో వచ్చే అమ్మాయిల్ని మేం చూస్తూనే ఉంటాం. మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదనే మాట చట్టంలోంచి 1999లోనే తీసేశారు. మా డాక్టర్ల ముందే ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించమన్నా మాట్లాడతాం, మొహమాటపడక్కర్లేదు.

మీ ఆవిడ మోకాళ్ళకి సీబీడీ పనిచేస్తుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు, ఆవిడకి బీపీ, షుగరు, రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందులు ఉన్నాయో లేదో కూడా మీరు రాయలేదు, వార్ఫరిన్‌తో సీబీడీ పడదు. ఎక్స్‌రే తీయించి, వాడుతున్న మందులన్నీ రాసి మళ్ళీ పంపండి.