ఆ సమాధానాలు పంపింది మీ ‘మరో నేను’ కాదు, మాత్ర కావచ్చు

ప్రశ్న: నా వయసు 24. ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడు పాటలు పాడి వీడియోలు పెడుతుంటాను. ఈ మధ్య చూసేవాళ్లు బాగా పెరిగారు. మూడు వారాల క్రితం ‘పర్ఫెక్ట్ బ్లూ’ అనే జపాన్ యానిమేషన్ సినిమా చూశాను. ఇప్పటికి నాలుగుసార్లు అయింది, అన్నీ రాత్రిపూటే. చూసినవాళ్ల అభిప్రాయాలు వెతికి చదువుతున్నాను. కొందరు రెండు రోజులు మనిషిని కాలేకపోయామన్నారు. కొందరేమో ఇందులో భయపడడానికి ఏముంది అన్నారు. నాకు మాత్రం అద్దంలో చూసుకుంటే ఆ ముఖం నాది కానట్టు ఉంటోంది. నా గొంతు ఎక్కడో రికార్డు చేసి వినిపిస్తున్నట్టు ఉంటోంది. కథానాయిక మిమాకు వచ్చిన జబ్బే నాకూ వస్తోందా? చివర్లో అద్దంలో కనిపించేది నిజమైన మిమాయేనా? అది తేలితే మనసు కుదుటపడుతుందేమో. నిద్ర పట్టక రెండు వారాలుగా మా పిన్ని వాడే జోల్పిడెమ్ 10 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నాను. అన్నట్టు, రెండుసార్లు అర్ధరాత్రి నా ఫోను నుంచి అభిమానులకు సమాధానాలు వెళ్లాయి. అవి నేను రాసినట్టు గుర్తు లేదు.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం చాలావరకు సినిమా గురించే ఉంది. నాకు కావలసిన సంగతిని మాత్రం చివర్లో ‘అన్నట్టు’ అంటూ చేర్చారు. నా గదిలోనూ రోజూ ఇదే వరస. పది నిమిషాలు వేరే మాటలు చెప్పి, లేచి తలుపు దాకా వెళ్లాక ‘అన్నట్టు డాక్టరుగారూ’ అంటారు. అసలు జబ్బు అక్కడ బయటపడుతుంది. కాబట్టి నేనూ చివరి నుంచే మొదలుపెడతాను.

జోల్పిడెమ్ నిద్రమాత్ర. వేసుకున్నాక అరగంటలోపే పని మొదలుపెడుతుంది. వేసుకున్న వెంటనే దీపం ఆర్పి పడుకోవాలి, ఆ తర్వాత కనీసం ఏడెనిమిది గంటలు పడక మీదే ఉండాలి. మీరేం చేస్తున్నారో నాకు తెలియదు, కానీ ఊహించగలను. మాత్ర వేసుకుని, అది పనిచేసేలోగా ఇంకో నాలుగు అభిప్రాయాలు చదువుదామని ఫోను పట్టుకుని ఉంటారు. అక్కడే చిక్కు. మందు ఎక్కాక కూడా మనిషి మేలుకుని ఉంటే, జరిగింది నమోదు చేసుకునే గుమస్తా మాత్రం నిద్రపోతాడు. దుకాణం తెరిచే ఉంటుంది, బేరాలు సాగుతూనే ఉంటాయి, పద్దు మాత్రం రాయరు. చేతివేళ్లకు ఫోను మీద టైపు చేయడం అలవాటైన పనే కదా, కానిచ్చేస్తాయి. తెల్లవారి చూసుకుంటే మీ పేరుతో, మీ ధోరణిలో, మీకు గుర్తులేని మాటలు.

ఇలాంటివి జరగడం అరుదే, కానీ కొత్త కాదు. ఈ తరహా మాత్రలు వేసుకున్నవారు పూర్తిగా మెలకువ లేకుండానే లేచి నడవడం, వండుకోవడం, ఫోన్లు చేయడం, కారు నడపడం కూడా జరిగాయి. గాయాలు, మరణాలు సంభవించడంతో 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మాత్రల వివరపత్రంలో అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరికను చేర్పించింది. నా పేషెంటు ఒకావిడ ఉదయం లేచేసరికి పొయ్యి మీద గిన్నె మాడి నల్లగా ఉంది. ఎవరు పెట్టారని ఇంట్లో అందర్నీ కేకలేసింది. పెట్టింది తనే.

ఇంకో మాట. అదే సంస్థ 2013లోనే ఆడవాళ్లకు ఈ మందు ప్రారంభ మోతాదును 10 మి.గ్రా. నుంచి 5 మి.గ్రా.కు తగ్గించమంది. ఆడవాళ్ల ఒంట్లోంచి ఇది నెమ్మదిగా బయటికి పోతుంది, మర్నాడు ఉదయం దాకా రక్తంలో మిగిలి ఉండవచ్చు. మీరు వేసుకుంటున్నది దానికి రెట్టింపు. ఉదయం అద్దం ముందు నిలబడితే తల మొద్దుబారి, అంతా మంచు తెరలోంచి చూస్తున్నట్టు ఉండడంలో దీని వాటా ఎంతో, సినిమా వాటా ఎంతో ఇక్కడి నుంచి నేను తేల్చలేను. మాత్ర మానకుండా మీరూ తేల్చుకోలేరు.

మిమా కథ మీకు తెలుసు, ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను. పాటల బృందాన్ని వదిలి నటిగా మారిన అమ్మాయి ఆమె. ఆమె రోజువారీ సంగతులను పూసగుచ్చినట్టు చెబుతూ, ఆమె గొంతుతో ఎవరో వెబ్‌సైటు నడుపుతుంటారు. అది చదివి ఇది రాసింది నేనేనా అని ఆమెకే అనుమానం వస్తుంది. 1997 నాటి సినిమా. అది నాలుగుసార్లు చూసిన మీకు, మీరు రాసిన గుర్తులేని సమాధానాలు మీ ఫోనులో కనబడ్డాయి. భయపడరూ మరి! మీ స్థానంలో నేనున్నా ముందు మిమానే తలుచుకునేవాడిని, మాత్రను కాదు. కానీ ఆ వెబ్‌సైటు వెనక కథ వేరు, మీ సమాధానాల వెనక కారణం బహుశా పిన్నిగారి మందుల డబ్బాలో ఉంది.

‘బహుశా’ అన్నది ఊరికే కాదు. మిమ్మల్ని నేను పరీక్షించలేదు. మీ ఖాతా రహస్యపదం మరొకరి దగ్గర ఉండవచ్చు. ఈ రోజే మార్చేయండి. మాత్ర వేసుకోని రోజున, పగటిపూట కూడా ఇలాంటి మరపు వస్తే అది వేరే దారి. కొన్ని రకాల మూర్ఛల్లో మనిషి పడిపోకుండానే కొన్ని నిమిషాలు జ్ఞాపకంలోంచి తప్పిపోతాయి. అప్పుడు నరాల వైద్యులు చూడాలి, పరీక్షలు అవసరం పడవచ్చు. గంజాయి లాంటివి తీసుకుంటే డాక్టరుతో దాచకండి. మీకు నీతులు చెప్పడానికి కాదు, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పరీక్షలు తప్పుతాయి.

ఇక మందలింపు. ఇంకొకరి పేరు మీద రాసిన మందు మీకెలా సరిపోతుందమ్మా? పిన్నిగారి కళ్లజోడు పెట్టుకుని బండి నడుపుతారా? ఆవిడకు ఆ మాత్ర రాసిన డాక్టరు వయసు, బరువు, కాలేయం, ఊపిరి తీరు, మిగతా మందులు చూసి రాసి ఉంటారు. మీ విషయంలో అవేవీ ఎవరూ చూడలేదు. పైగా ఆవిడ స్ట్రిప్పులో మాత్రలు తొందరగా అయిపోతుంటే, ఆవిడే ఎక్కువ వేసుకుంటోందని ఆ డాక్టరు అనుకోవచ్చు. ఒక మాత్ర ఇద్దరి వైద్యాన్ని చెడగొట్టింది. మద్యంతోనో, మత్తు కలిగించే నొప్పి మాత్రలతోనో, దగ్గు మందుతోనో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. ఇన్నేళ్లుగా ఇదే పాట పాడుతున్నానని మా నర్సు నవ్వుతుంది. పాడుతూనే ఉంటాను.

ఈ రాత్రి నుంచి అది వేసుకోవద్దు. మీరు రాసిన దాన్నిబట్టి రెండు వారాలు, రాత్రికి ఒకటి. ఆపితే రెండు మూడు రాత్రులు నిద్ర ఇంకా పలచబడవచ్చు, అది జబ్బు ముదిరినట్టు కాదు. కానీ నెలల తరబడి, లేదా ఇంతకంటే ఎక్కువ మోతాదులో వాడుతున్న పాఠకులు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి. వణుకు, మూర్ఛ రావచ్చు. రాసిచ్చిన డాక్టరు దగ్గరే మెల్లగా తగ్గించుకోవాలి. మీరు కూడా ఉత్తరంలో లెక్క తక్కువ చేసి చెప్పి ఉంటే ఈ రెండో మాటే మీకు వర్తిస్తుంది.

అద్దం సంగతి. మసక వెలుతురులో సొంత ముఖాన్ని కదలకుండా చూస్తూ ఉంటే ఒక్క నిమిషంలోపే అది మారిపోయినట్టు కనబడవచ్చు. ఇటలీలో కపుటో అనే పరిశోధకుడు 2010లో 50 మందిని అలా పది నిమిషాలు కూర్చోబెట్టి చూశాడు. చాలామందికి ముఖం వికృతంగా మారింది, కొందరికి ఎవరో అపరిచితులు కనిపించారు. వాళ్లేమీ రోగులు కారు. చూపు ఒకేచోట నిలిపితే పక్కనున్నవి కరిగిపోతాయని ట్రాక్స్‌లర్ అనే వైద్యుడు 1804లోనే రాశాడు. మీరు ఎలా చూస్తున్నారో నాకు రాయలేదు. అర్ధరాత్రి, ఒక్క చిన్న దీపం వెలుగులో, ‘ఇది నేనేనా’ అని పరీక్షగా చూస్తుంటే మాత్రం ఆ పరీక్షే దాన్ని పుట్టిస్తోంది. ముఖం కడుక్కోండి, తల దువ్వుకోండి, అద్దం ముందు నుంచి వచ్చేయండి. తనిఖీలు మానేయండి.

మీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన అక్షరాలు కొన్ని ఉన్నాయి. ముఖం ‘నాది కానట్టు’ ఉంది అన్నారు, ‘నాది కాదు’ అనలేదు. గొంతు ‘వినిపిస్తున్నట్టు’ అన్నారు. ఈ ‘అట్టు’ మా వైద్యంలో చాలా విలువైనది. అది ఉన్నంతకాలం వాస్తవంతో మీ తాడు తెగలేదని అర్థం. తన నుంచి తాను దూరమైనట్టు, లోకం తెర మీద బొమ్మలా ఉన్నట్టు అనిపించే ఈ స్థితిని డీపర్సనలైజేషన్, డీరియలైజేషన్ అంటాం. నిద్రలేమి, ఆందోళన, అలసట ఉన్నప్పుడు కాసేపు ఇలా అనిపించడం చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనుభవమే. అదే జబ్బుగా స్థిరపడేది నూటికి ఒకరిద్దరిలో. దానికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. మాటలతో చేసే చికిత్స, నిద్ర, ఆందోళన ఉంటే దానికి వైద్యం, ఇవే దారులు.

ఆ ‘అట్టు’ జారిపోయిన రోజున మాత్రం ఆలస్యం చేయకండి. అద్దంలోది వేరే మనిషే అని నమ్మకం కుదిరితే, ఎవరూ లేకుండా మాటలు వినబడితే, సినిమా మీ కోసమే తీశారని, అందులో మీకు సందేశం ఉందని అనిపిస్తే, రెండు మూడు రాత్రులు నిద్ర లేకున్నా అలసటే తెలియకపోతే, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఒంటరిగా కాదు. మీ వయసులోనే ఇలాంటి జబ్బులు తొలిసారి తలెత్తుతుంటాయి. ‘సినిమా ప్రభావంలే, అదే పోతుంది’ అని ఇంట్లోవాళ్లు నెలలు గడిపేసి తీసుకొస్తారు. అప్పుడు నాకు కోపం వస్తుంది, రోగి మీద కాదు.

సినిమాకు మనిషి పాడైపోతాడా అన్నది మీ అసలు భయం. ‘ది ఎగ్జార్సిస్ట్’ 1973లో విడుదలయ్యాక కొందరు ఆందోళనతో, నిద్రలేకుండా మనోవైద్యుల దగ్గరికి వెళ్లారు. 1975లో వైద్య పత్రికలో దానికి ‘సినిమాటిక్ న్యూరోసిస్’ అని పేరు కూడా పెట్టారు. సినిమా అగ్గిపుల్ల లాంటిది. ఎండుగడ్డి ముందే ఉంటే అంటుకుంటుంది, తడినేల మీద పడితే ఆరిపోతుంది. ‘పర్ఫెక్ట్ బ్లూ’ నేనూ చూశాను, ఎనభై ఒక్క నిమిషాలే అయినా రెండు విడతల్లో. దర్శకుడు సతోషి కోన్ ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి చెప్పకుండా దూకుతాడు. ఇది షూటింగా, కలా, నిజమా అని మనం తేల్చుకునేలోపు మిమా మళ్లీ పడక మీద లేస్తుంది. చూసేవాడి కాళ్లకింద నేల కదిలించడమే ఆయన పని. రెండు రోజులు మనిషిని కాలేకపోయామన్నవాళ్లు సినిమాను సరిగానే చూశారు. ఏమీ కాలేదన్నవాళ్లు బహుశా మధ్యాహ్నం చూసి ఉంటారు. అందులో అత్యాచార సన్నివేశాన్ని చిత్రీకరించే ఘట్టం ఒకటి ఉంది. గతంలో అలాంటి గాయం ఉన్నవారు అక్కడ సినిమా ఆపేస్తే అది పిరికితనం కాదు, ఒంటికి తెలిసిన జాగ్రత్త.

మిమాకు ఏ జబ్బు అంటారా? బొమ్మలకు రోగనిర్ధారణ చేయను. కానీ ఒకటి గమనించారా? ఆమె నటించే టీవీ ధారావాహికలో మనస్తత్వ నిపుణురాలి పాత్ర ఉంటుంది. బయట మాత్రం నలిగిపోతున్న ఆ పిల్లను డాక్టరుకు చూపించాలని చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. చివరి అద్దం గురించి నాకూ ఒక అభిప్రాయం ఉంది. మీరు వరసగా వారం రోజులు నిద్రపోయాక రాయండి, చెబుతాను. అప్పటిదాకా ఐదోసారి చూడవద్దు, వాళ్లూ వీళ్లూ ఏమన్నారో చదవవద్దు. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు, ఫోను పడకగది బయట పెట్టండి, లేచే వేళ మార్చకండి.

మీ ఉత్తరంలో లేనిది ఒకటి అడుగుతాను. చూసేవాళ్లు పెరిగారన్నారు. వాళ్లలో ఎవరైనా మీరు ఎక్కడ ఉంటారో, ఏం వేసుకున్నారో రోజూ రాస్తున్నారా? అర్ధరాత్రి సమాధానాలు వెళ్లింది అలాంటివారికా? అయితే అది నా శాఖ కాదు. వాళ్లతో ఇక మాట్లాడవద్దు, ఇంట్లో చెప్పండి, అవసరమైతే పోలీసులకు చెప్పండి. అది మీ భ్రమ అని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోకండి.

బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. ఈ వారంలోనే మనోవైద్యుల దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, రక్తం పరీక్షలు అవసరమో కాదో వారు చెబుతారు. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పు పట్టుకెళ్లండి, ఖాళీ అయినా సరే. సిగ్గనిపించినా ఫోనులోని ఆ రెండు సమాధానాలను తుడిచేయకండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లాయో, ఆ రాత్రి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో ఒక కాగితం మీద పక్కపక్కనే రాసుకుని, ఆ కాగితం చూపించండి.