సరెండర్ చేశారో, నంబరు పోయినట్టే

ప్రశ్న: హనుమకొండలో మా ఇంటి 0870 ల్యాండ్‌లైన్‌కు పాతికేళ్లు. ఇప్పుడు నెలలో సగం రోజులు మూగబోతోంది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి తన ఇంటి నంబరును ఇంటర్నెట్ ఫోనుకు మార్చుకున్నాడు. మేమూ ఇదే నంబరుతో ప్రైవేటు ఫైబర్‌కు మారొచ్చా?

జవాబు: కుదరదు. కరీంనగర్ నుంచీ మంచిర్యాల నుంచీ కూడా ఇదే ప్రశ్న వస్తూనే ఉంది, దాని వెనక దాదాపు ప్రతిసారీ అమెరికా పిల్లల సలహానే. అక్కడ 1996 టెలికాం చట్టంతోనే ల్యాండ్‌లైన్ నంబరును వేరే కంపెనీకి తీసుకెళ్లే వీలు వచ్చింది. మన దగ్గర 2011 జనవరి 20న దేశమంతా మొదలైన పోర్టబిలిటీ మొబైళ్లకే. 1900కు మెసేజ్ పెట్టే పద్ధతి ల్యాండ్‌లైన్‌కు పనికిరాదు.

కంపెనీ మారకుండా లైను మార్చుకోవడమే మీకున్న దారి. బీఎస్‌ఎన్‌ఎల్ రాగి లైనైతే అదే నంబరును వాళ్ల ఫైబర్ మీదికి మార్పించుకోవచ్చు. దరఖాస్తులో ‘పాత నంబరుతోనే ఫైబర్‌కు మార్పు’ అని ఉండాలి. ఏజెంటు తొందరపెట్టాడని ‘కొత్త కనెక్షన్’ కాగితం మీద సంతకం పెట్టి, పాతది సరెండర్ చేసి, ఆ తర్వాత మాకు ఉత్తరం రాస్తే చేసేదేమీ ఉండదు. కనెక్షన్ చనిపోయిన పెద్దాయన పేరునే ఉంటే ముందు పేరు మార్పించండి. ఫైబర్ మీద ఫోను మోగేదాకా పాత లైను ముట్టుకోవద్దు.

మోగాక మాత్రం ముట్టుకోవాల్సిందే. ఫైబర్ మోడెమ్ వెనక ఫోను గుర్తున్న సాకెట్ ఉంటుంది. రెండుంటే చాలాసార్లు మొదటిదే పనిచేస్తుంది. పై అంతస్తు ఫోను కూడా మోగాలని దాన్ని ఇంట్లో పాత వైరింగ్‌కు కలుపుతారు. కలిపే ముందు బయటి నుంచి వచ్చే రాగి తీగల జతను, అది ఇంట్లోకి వచ్చే డబ్బా దగ్గరే విప్పేయాలి. లేదంటే ఎక్స్ఛేంజ్ పంపే 48 వోల్టులు ఎదురొచ్చి మోడెమ్ ఫోను పోర్టు కాలిపోవచ్చు. వేలితో తిప్పే పాత డయల్ ఫోను చాలా మోడెమ్‌లకు అర్థం కాదు, బటన్ల ఫోను పెట్టుకోండి.

నన్ను భయపెట్టేది వైర్లు కాదు, దరఖాస్తులోని మొబైల్ నంబరు గడి. పని త్వరగా కావాలని కొందరు ఏజెంట్లు అందులో సొంత నంబరు రాసేస్తారు. కొన్ని సర్వీసుల్లో ల్యాండ్‌లైన్‌ను మొబైల్ యాప్‌లోనూ వాడుకోవచ్చు. ఆ యాప్‌కు ఓటీపీ వెళ్లేది ఆ గడిలోని నంబరుకే. అంటే మీ ఇంటి ఫోను ఇంకొకరి జేబులో మోగొచ్చు, మీ నంబరుతో వాళ్లు ఎవరికైనా చేయొచ్చు. బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో, ఇన్సూరెన్స్ కాగితాల్లో ఇచ్చింది ఆ నంబరే కదా! కనెక్షన్ వచ్చిన రోజే కస్టమర్ కేర్‌లో రిజిస్టర్డ్ మొబైల్ ఏదో కనుక్కుని మీది పెట్టించుకోండి. విదేశాలకు మీరు చేయకపోతే ఐఎస్‌డీ మూయించండి. ఫైబర్ మీద నడిచేదీ ఇంటర్నెట్ ఫోనే, దాని పాస్‌వర్డ్ దొంగిలించినవాళ్లు రాత్రికి రాత్రి ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ కొడతారు, బిల్లు మాత్రం మీ ఇంటికొస్తుంది. మోడెమ్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. ఊరందరి మోడెమ్‌లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి వదిలేసే పద్ధతిని నిర్లక్ష్యం అనడం కూడా మర్యాదే.

ఇక కరెంటు. రాగి ఫోను ఎక్స్ఛేంజ్ బ్యాటరీ మీద బతికేది, వాన రాత్రి వీధంతా చీకటైనా మోగేది. ఫైబర్ ఫోనుకు ఆ సుఖం లేదు, మోడెమ్ ఆగితే అదీ ఆగినట్టే. ఇంటి ఫోను బాధ్యత మొత్తం మోసే పెట్టెలో చిన్న బ్యాటరీ పెట్టడానికి తయారీదారులకు ఎందుకు చేతులు రావో! మోడెమ్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే మినీ యూపీఎస్ (కరెంటు పోయినా మోడెమ్‌ను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) కూడా 12 వోల్టులదే కావాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. మీ ఇంట్లో యూపీఎస్ పెట్టినా మీ లైనుకు పరికరాలు పెట్టిన ఏజెంటు గదిలో కరెంటు లేకపోతే ఫలితం సున్నా. అక్కడ ఇన్వర్టర్ ఉందా అని సంతకానికి ముందే అడగండి.